మన్యంలో ఒక కొండ ఊరి చరిత్ర రాయాలంటే

కొండ మీద ఊరి చరిత్ర రాయడానికి వెళ్లినవాళ్లు మొదట వేసే ప్రశ్న "ఈ ఊరు ఎప్పుడు పుట్టింది?" అని. "తాతల నాటిది", "రెండొందల ఏళ్లది" అన్న జవాబే వస్తుంది. దాన్ని అలాగే అచ్చేస్తే పని మొదటి పేజీలోనే చెడుతుంది. అడగాల్సింది ఎప్పుడని కాదు, ఏది ముందు, ఏది తర్వాత అని. రైలు ముందా, బడి ముందా? కాఫీ మొక్క వచ్చేనాటికి ఈ కింది వీధి ఉందా? ఊట మారాక ఇళ్లు కదిలాయా, ఇళ్లు కదిలాక ఊట తవ్వారా? ఈ వరస గట్టిగా దొరికితే, తెలిసిన తేదీలు రెండు మూడు తగిలించగానే మిగతావి వాటి చోట్లలో సర్దుకుంటాయి. అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, పాడేరు, చింతపల్లి వైపు ఊళ్ల మీద, విశాఖలో ఉంటూ పని చేసేవాళ్లకు పనికొచ్చేలా ఈ పద్ధతి కింద రాశాం.

ఆల్ప్స్ కొండల్లో ఊరి చరిత్ర రాసేవాళ్లకు చేతికందే కాగితం ఉంటుంది. పెళ్లిళ్లు, బాప్తిస్మాలు చర్చి పుస్తకంలో ఎక్కించాలని 1563లో ట్రెంట్ మతసభ తీర్మానించింది. ఆస్ట్రియాలో 1817లో మొదలైన సర్వే కొండవాలు పొలాలను కూడా పటాల మీదికి ఎక్కించింది. మన మన్యంలో ఆ రెండూ లేవు. చాలా ఊళ్లకు సర్వే, సెటిల్‌మెంట్ జరిగింది 1970 తర్వాతే. అంతకుముందు కాగితం ఉన్నా అది పన్ను కట్టించుకున్నవాళ్ల వైపు నుంచి, తిరుగుబాటు అణచినవాళ్ల వైపు నుంచి రాసింది. అందుకే ఇక్కడ ఇంటిపేర్లు, పొలం పేర్లు, ఊటలు, పండుగల క్రమం దస్తావేజులతో సమానం. వాటిని దస్తావేజుల్లాగే జాగ్రత్తగా చదవాలి.

ముందు ఊరేదో తేల్చుకోండి

రెవెన్యూ గ్రామం వేరు, మనుషులు ఊరనుకునేది వేరు. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగైదు గూడేలు, ఒక్కోచోట పదికి పైగా ఉంటాయి. జనాభా లెక్కల పుస్తకంలో వాటన్నిటినీ కలిపి ఒకే అంకె వేస్తారు. ఆ అంకెను ఒక గూడేనికి అంటగడితే, అరవై ఇళ్ల ఊరు కాగితం మీద ఆరొందల ఇళ్లవుతుంది. మొదటి రోజు చేయాల్సిన పని గూడేల జాబితా రాయడం: పేరు, ఇప్పుడున్న ఇళ్ల సంఖ్య, ఏ గూడెం ఏ గూడెం నుంచి విడిపోయిందో. లెక్కల్లో పేరుండి మనుషులు లేని ఊళ్లను రెవెన్యూవాళ్లు బేచిరాకు అంటారు. అలాంటివి కనిపిస్తే వదిలేయకండి. ఆ జనం ఎక్కడికి పోయారన్నదే పక్క ఊరి చరిత్రలో మొదటి అధ్యాయం కావచ్చు.

ఊరి పేరు చివర కూడా చూడాలి. పుట్టు, గుడ, వలస, గరువు, గెడ్డ, మామిడి వంటివి ఈ కొండల్లో తరచు వస్తాయి. వలస అంటే జనం వచ్చి దిగిన చోటు, గరువు అంటే మెట్ట నేల, గెడ్డ అంటే వాగు. అయితే పేరుకు అర్థం తెలుగులోనే వెతికితే దారి తప్పుతారు. ఈ ఊళ్లలో కోటియా వాళ్లు మాట్లాడే ఆదివాసీ ఒడియా, కువి, కొండదొరల భాష, గదబ భాషలు ఉన్నాయి. తెలుగు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేరు ఇప్పుడు బోర్డు మీద ఉంటుంది. ఊరివాళ్లు తమలో తాము ఏమని పిలుచుకుంటారో విడిగా అడిగి రికార్డు చేసుకోండి.

తర్వాత పరిపాలన గడులు. ఒకే ఊరు కాలం మారేకొద్దీ వేర్వేరు తలకట్ల కింద కనిపిస్తుంది. 1839 చట్టంతో కొండ ప్రాంతాన్ని కలెక్టరుకే ఏజెంటు హోదాలో అప్పగించారు. ఏజెన్సీ అనే మాట అలా వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు జయపురం జమీందారీలో చాలా భాగం కోరాపుట్‌తో అటు వెళ్లింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1979లో విజయనగరం జిల్లా, 1985లో తాలూకాల బదులు మండలాలు, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాయి. ఈ తేదీలను ఒక కాగితం మీద రాసి, మీ ఊరు ఏ తేదీకి ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ జమీను లేక ఏ ముఠా (ముఠాదారు శిస్తు వసూలు చేసిన కొన్ని ఊళ్ల గుంపు) కింద ఉందో పక్కన నింపండి. ఈ ఒక్క పట్టీ లేకపోతే రికార్డు గదిలో వారం రోజులు వృథా అవుతాయి. సరిహద్దు ఊళ్లకైతే భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర అభిలేఖాగారం కూడా చూడాల్సిందే.

నేల మీద నడవడం

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటం తీసుకోండి. అందులో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. పాత వరసలో అరకు పట్టణం 65 జె/15 షీటులో, పాడేరు 65 జె/12లో, చింతపల్లి 65 కె/5లో పడతాయి. మైలుకు ఒక అంగుళం చొప్పున వేసిన పాత పటం దొరికితే రెండూ పక్కపక్కన పెట్టి, పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని గూడేలు, కాలిబాటలు ఎర్ర పెన్సిల్‌తో గుర్తించండి. ఘాట్ రోడ్డు వచ్చాక ఊరు ఏ వైపు తిరిగిందో ఆ గుర్తులే చెబుతాయి.

ఆ పటంతో ఊరి పెద్దవాళ్లు ఇద్దరిని తోడు తీసుకుని మూడు రోజులు నడవండి. మొదటి రోజు నీటి వెంట: ఊట, గెడ్డ, వరి మళ్లకు కట్టిన రాతి గట్లు. రెండో రోజు పోడు కొండలు, కాఫీ తోటలు. మూడో రోజు పాడుపడిన ఊరి చోట్లు. అడవి మధ్యలో ముదురు చింతచెట్లు, మామిడిచెట్లు గుంపుగా ఉంటే అక్కడ ఒకప్పుడు ఇళ్లు ఉండి ఉండొచ్చు. చుట్టూ చూస్తే అరిగిన రుబ్బురాయి, కుండ పెంకులు, చదును చేసిన నేల కనిపిస్తాయి. దొరికినవి తీయొద్దు. ఫొటో తీసి అక్కడే వదలండి. తోడొచ్చినవాళ్లను "ఇక్కడి నుంచి ఎందుకు లేచిపోయారు?" అని అడగండి. మశూచి, మన్యం జ్వరం, ఊట ఎండడం, పులి, ముఠాదారుతో గొడవ వంటి కారణాలు వినిపిస్తాయి. ఇద్దరు రెండు కారణాలు చెబితే రెండూ రాసుకోండి, అక్కడికక్కడ తీర్పు చెప్పొద్దు.

చెట్టు చుట్టుకొలత కొలిచి వయసు కట్టే అలవాటు మానుకోండి. అదే కొండవాలు మీద, నాటిన ఏడు తెలిసిన అదే జాతి చెట్టు పోలికకు ఉంటే తప్ప ఆ లెక్క పనికిరాదు.

ప్రతి పొలానికీ, బండకూ పేరు ఉంటుంది. వంద పేర్ల దాకా వస్తాయి. ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశ స్థానాల వరకు రాసుకోండి. చెట్ల నీడలో ఫోన్ పది పదిహేను మీటర్లు పక్కకు చూపిస్తుంది. రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడ్డాకే రాసుకోవాలి. ఎత్తు మాత్రం ఫోన్ నుంచి తీసుకోవద్దు. కొన్ని ఫోన్లు సముద్రమట్టం నుంచి కాక ఉపగ్రహ లెక్క నుంచి ఎత్తు చూపిస్తాయి. మన ప్రాంతంలో ఆ తేడా 60 మీటర్లు దాటుతుంది. ఎత్తుకు పటం మీది గీతలే ఆధారం.

మనుషుల్ని అడగడం

అరవై ఇళ్ల ఊరికి పదిహేను నుంచి పద్దెనిమిది మందితో మాట్లాడితే బొమ్మ కుదురుతుంది. అందులో సగం ఆడవాళ్లు ఉండాలి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. కోడలిగా వేరే ఊరి నుంచి వచ్చినామె రెండు ఊళ్లను పోల్చి చెప్పగలదు. ఉప్పు ఏ సంత నుంచి వచ్చేదో, ఏ బాటన నడిచేవారో, ఏ ఏడు తిండి లేక జీలుగు పిండి తిన్నారో ఆమెకే బాగా తెలుస్తుంది. సర్పంచ్ ఒక్కడి దగ్గర రెండు గంటలు కూర్చుని వచ్చేస్తే మీకు దొరికేది ఆయన వంశం చరిత్ర మాత్రమే. దిసారి (ముహూర్తాలు చూసే పెద్ద), బారికి (ఊళ్లో కబురు చెప్పే మనిషి), ఆశ్రమ పాఠశాలలో వంట చేసినవాళ్లు, రైలు పనికి కూలికి వెళ్లినవాళ్లు జాబితాలో ఉండాలి.

వెళ్లే కాలం ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో ఊడ్పులు, ఘాట్‌లో కొండచరియలు. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పండ్ల కోత. పగలు ఇంట్లో మనిషి దొరకడు. ఫిబ్రవరి, మార్చి సాయంత్రాలు మంచివి. చైత్రంలో ఇటుకల పండుగకు ఊరంతా ఉంటుంది. కానీ పండుగ రోజున రికార్డర్ పట్టుకుని వెంటపడకండి. పండుగ చూడండి, ఎవరు ఏ పని ముందు చేస్తారో గమనించండి. పూజలో మొదటి హక్కు ఏ వంశానిదో అదే చాలా సార్లు మొదట దిగిన వంశం.

వంశాల పేర్లు ఇక్కడ పెద్ద ఆధారం. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, గొల్లోరి అంటే కోతి, వంతల అంటే పాము. ఒకే వంశంవాళ్లు అన్నదమ్ముల వరస, తమలో తాము పెళ్లి చేసుకోరు. ఒక గూడెంలో ఎక్కువ ఇళ్లు ఒకే వంశానివై, మిగతా రెండు మూడు ఇళ్లు వేరేవైతే, ఆ మిగతావాళ్లు ఎలా వచ్చారని అడగండి. ఇల్లరికమా, భూమి దొరికా, జబ్బుకు ఊరు వదిలా? ఊరు ఎలా పెరిగిందన్నది ఆ జవాబుల్లోనే ఉంటుంది.

వంశవృక్షం వేయడానికి పెద్ద కాగితం నేల మీద పరిచి, గింజలు పెట్టించండి. మగవాళ్లకు చిక్కుడు, ఆడవాళ్లకు కంది. చదువు రానివాళ్లు కూడా చేత్తో జరిపి దిద్దుతారు. తరానికి సగటున 25 నుంచి 27 ఏళ్లు వేసుకుంటే ఆరు తరాలు 150 నుంచి 160 ఏళ్లు. ఇది కనీస లెక్క అని పక్కన రాయాలి. ఎందుకంటే మనుషులకు మొదటి పురుషుడు గుర్తుంటాడు, దగ్గరి మూడు తరాలు గుర్తుంటాయి, నడుమవి జారిపోతాయి. మనవడికి తాత పేరు పెట్టడం వల్ల ఇద్దరు ఒక్కరైపోతారు. రెండు వేర్వేరు వంశాల చెట్లు వేసి, మధ్యలో జరిగిన పెళ్లిళ్ల దగ్గర సరిచూస్తే ఈ తప్పులు బయటపడతాయి.

తేదీ పట్టుకోవడానికి ఆనవాళ్ల పట్టీ ఒకటి జేబులో ఉంచుకోండి. అది కొండ మీదికి నిజంగా చేరిన సంగతులతోనే చేయాలి. అరకు వైపు ఊళ్లకు: మాచ్‌ఖండ్ కరెంటు ప్రాజెక్టు (1955), గిరిజన సహకార సంస్థ (1956) వచ్చాక తెరిచిన డిపోలు, 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు లైను, ముఠాలు రద్దు చేసిన 1969 రెగ్యులేషన్, రెండు రూపాయల బియ్యం (1983), మండలాలు (1985), సారా నిషేధం (1993), సిల్వర్ ఓక్ చెట్లు కూలిన హుద్‌హుద్ (2014 అక్టోబరు 12). చింతపల్లి, కొయ్యూరు వైపైతే 1922–24 పితూరీ (తిరుగుబాటు) కథలు తండ్రుల నోట విన్నవాళ్లు ఉంటారు. ఆ ఆనవాలు ఇంకా ముందుకు తీసుకెళ్తుంది.

అడిగే తీరు ఇలా: "అమ్మా, సొరంగం పేల్చిన చప్పుడు విన్ననాటికి మీ పెద్దమ్మాయి నడిచేదా, సంకలో ఉండేదా?" ఏడు చెప్పమంటే చెప్పలేని మనిషి దీనికి క్షణంలో చెబుతుంది. బిడ్డ వయసు తెలిస్తే ఏడు తెలిసినట్టే. ఆధార్ కార్డు, బడి రిజిస్టర్ మీది పుట్టిన తేదీలను మాత్రం నమ్మకండి. జూన్, జూలై ఒకటో తేదీ వరసగా కనబడితే అవి చేర్చుకునే రోజున పంతులుగారు వేసిన అంచనాలు. బడిలో చేరిన ఏడు మాత్రం పనికొస్తుంది.

భూమి ఎంతని అడిగితే కొందరు ఎకరాల్లో చెప్పరు, పట్టే విత్తనం కొలతలో చెబుతారు. కుంచం ఊరూరికీ మారుతుంది. ఆ ఇంటి కుంచాన్నే అడిగి తీసుకుని, వడ్లతో నింపి తూకం వేసి రాసుకోండి.

రికార్డింగ్ సంగతి క్లుప్తంగా. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో ఉంచాలి. వేవ్ ఫైలు, 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, మోనో అయితే గంటకు దాదాపు 318 ఎంబీ. రేకుల ఇంట్లో వాన మొదలైతే ఆపేయండి, ఒక్క మాట కూడా దక్కదు. ఒక గంట మాటను అక్షరాల్లో పెట్టడానికి ఐదారు గంటలు, కోటియా అయితే దానికి రెట్టింపు పడుతుంది. ఆ రాత్రే మొదలుపెట్టకపోతే పేర్లు కలగాపులగమవుతాయి.

కాగితాలు చదివే తీరు

కాగితాల దగ్గరికి రెండుసార్లు వెళ్లాలి. ఊరెక్కక ముందు పేర్ల కోసం రెండు రోజులు, దిగాక ప్రశ్నలతో రెండు వారాలు. ఎమ్మార్వో ఆఫీసులో గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), సెటిల్‌మెంట్ రిజిస్టర్, పాత అడంగళ్లు అడగండి. ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో జిల్లా జనగణన పుస్తకాలు, 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్ చూడొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఫైళ్లకు చెన్నైలోని తమిళనాడు అభిలేఖాగారానికి వెళ్లాలి. జయపురం, సాలూరు వైపు 1882 నుంచి పనిచేసిన జర్మన్ లూథరన్ మిషన్‌వాళ్ల రాతల్లో కూడా కొండ ఊళ్ల ప్రస్తావనలు దొరికే వీలుంది.

పాత ఇంగ్లీషు రాతల్లో పేర్లు గుర్తుపట్టడం ఒక విద్య. మాడుగుల మడ్గోల్ అవుతుంది, జయపురం జేపూర్ అవుతుంది. గొలుగొండను గోల్గొండ అని రాశారు. కంప్యూటర్‌లో వెతికితే హైదరాబాద్ గోల్కొండ ఫైళ్లు వచ్చి మీద పడతాయి. పేరు ఒక్కటే కాక పక్కన తాలూకా పేరు కూడా కలిపి వెతకాలి.

అచ్చులో ఉన్నంత మాత్రాన నిజం కాదు. బొర్రా గుహల సంగతే చూడండి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పర్యాటక పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఒకరిని చూసి ఒకరు రాస్తూ వచ్చారు. ఆ సంస్థ పుట్టిందే 1851లో. కింగ్ దానికి అధిపతిగా ఉన్నది 1887 నుంచి 1894 వరకు. ఏడు తప్పో, మనిషి తప్పో, రెండూ కలవవు. పైకప్పు కన్నంలోంచి ఆవు పడితే దాన్ని వెతుక్కుంటూ కాపరి లోపల శివలింగాన్ని చూశాడని ఊరివాళ్లు చెప్పే కథకు తేదీ లేదు. కానీ గుహ అక్కడివాళ్లకు ముందే తెలుసునన్న మాట మాత్రం అందులో ఉంది. మీ ఊరి గురించి దొరికే ప్రతి తేదీనీ ఇలాగే సంస్థ పుట్టిన ఏడుతో, మనిషి ఉద్యోగం చేసిన ఏళ్లతో సరిచూడండి.

అల్లూరి సీతారామరాజు తమ కొండ మీద రాత్రి గడిపాడని చాలా ఊళ్లు చెబుతాయి. ఆ మాటను కొట్టిపారేయకూడదు, నిర్ధారణ లేకుండా ఎక్కించకూడదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ని చంపారు. మీ ఊరు ఆ బాటలకు ఎంత దూరమో పటం మీద కొలిచి, "ఊరివాళ్లు ఇలా చెబుతారు" అని విడిగా రాయండి. ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఆ రోజుల్లో రోడ్డు పనికి కూలి లేకుండా ఎవరిని పట్టుకెళ్లారు? పితూరీకి అసలు కారణాల్లో ఆ వెట్టి ఒకటి. వీరుడి కథ కన్నా ఆ పేర్లే ఊరి చరిత్రకు ఎక్కువ అవసరం.

భూమి మాటల్లో జాగ్రత్త

గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో వచ్చిన రెగ్యులేషన్‌ను 1970లో ఇంకా బిగించారు. ఒకటి బై డెబ్బై అని ఊళ్లలో అందరూ అనేది దాన్నే. "ఈ చెలక ఫలానావాళ్లది, అప్పుకింద పోయింది" అని ఎవరైనా చెబితే అది నడుస్తున్న తగాదా కావచ్చు. అలాంటి మాటలు పేర్లు తీసేసి, చెప్పినవాళ్లు ఒప్పుకున్నంత వరకే రాయాలి. పూజ చేసే గుహలు, దేవత చెట్లు ఎక్కడున్నాయో అక్షాంశాలతో అచ్చేయొద్దు.

మరోవైపు మీ పని ఊరికి అక్కరకొస్తుంది. అటవీ హక్కుల చట్టం (2006) కింద 2005 డిసెంబరు 13 నాటికి సాగులో, నివాసంలో ఉన్నట్టు చూపాలి. అర్జీదారు కాని పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే అది కూడా రుజువుగా పనికొస్తుందని నిబంధనలు చెబుతున్నాయి. గట్లు, బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు, వంశవృక్షం కూడా రుజువుల్లో ఉన్నాయి. మీ నోట్‌బుక్‌లో అవన్నీ ఇప్పటికే ఉంటాయి కాబట్టి ప్రతి వాంగ్మూలం కింద తేదీ, చోటు, చెప్పినవాళ్ల సంతకమో వేలిముద్రో ఉండేలా మొదటి రోజు నుంచే చూసుకోండి. గ్రామసభలో ముందుగా చెప్పి, ఒప్పుకోలు తీసుకుని మొదలుపెట్టాలి.

రాతలో పెట్టడం

పెద్ద కాగితం మీద నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ వైపు తేదీ తెలిసిన సంగతులు, కుడి వైపు వరస మాత్రమే తెలిసినవి. కుడివైపు వాటిని చిన్న చీటీల మీద రాసి అంటించండి. కొత్త మాట దొరికినప్పుడల్లా చీటీ పైకీ కిందికీ జరుగుతుంది. నెల రోజుల పాటు ఏ చీటీ కదలకపోతే రాయడం మొదలుపెట్టొచ్చు. ప్రతి వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన ఒక అక్షరంతో గుర్తు పెట్టండి: నోటి మాటకు "నో", కాగితానికి "కా", నేల మీద చూసినదానికి "నే". మూడు గుర్తులూ ఉన్న సంగతిని ధైర్యంగా చెప్పండి. "నో" ఒక్కటే ఉన్నదాన్ని "అంటారు" అని ముగించండి.

మొదటి ప్రతి పూర్తయ్యాక అచ్చుకు ఇవ్వకముందు ఊరికి తీసుకెళ్లి రచ్చబండ దగ్గర గట్టిగా చదవండి, కోటియా లేదా కువి వచ్చిన కుర్రవాడు వెంటవెంటనే చెబుతుండగా. రెండు సాయంత్రాలు పడుతుంది. అక్కడ అభ్యంతరం చెప్పినవాళ్ల మాట తప్పనిపించినా వాళ్ల మాటలోనే కింద చేర్చండి. దిద్దిన ప్రతులు మూడు ఊళ్లోనే ఉండాలి: ఒకటి బడిలో, ఒకటి సచివాలయంలో, ఒకటి పేజీ పేజీకీ ప్లాస్టిక్ కవరు వేసి, మీకు ఎక్కువ మాటలు చెప్పిన ఇంట్లో. కొండ మీద వానాకాలం చెమ్మకు స్టేపుల్ పిన్నులు తుప్పు పడతాయి, కాబట్టి నూలు దారంతో కుట్టించండి.